అరకు రాళ్లు చదివితే అంటార్కిటికాకు దారి

అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ రోడ్డులో కొండను కోసిన చోట ఆగి, ఆ రాయిని దగ్గరగా చూడండి. ఎర్రగా పొడిబారిన పొరల్లో కందిగింజంత ముదురు ఎరుపు గుళ్లు కనిపిస్తాయి. అవి గార్నెట్లు, ఆ రాయి ఖొండలైట్. ఇలాంటి రాళ్లు తూర్పు అంటార్కిటికా తీరంలోనూ ఉన్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటి వరకు ఆ తీరమూ మన తూర్పు కనుమలూ గోండ్వానా ఖండంలో ఆనుకునే ఉండేవి. పాడేరు ప్రాంతంలో సాఫిరిన్ అనే అరుదైన ఖనిజం దొరుకుతుంది. భూమి లోతుల్లో ఈ రాళ్లు 900 డిగ్రీలు దాటిన వేడిని చవిచూశాయనడానికి అదొక ఆనవాలు. అంటార్కిటికాలోని ఎండర్బీ ల్యాండ్ రాళ్లలోనూ అది ఉంది.

అందుకే ఏజెన్సీ విద్యార్థులకు గట్టిగా చెబుతున్నాను: ధ్రువ పరిశోధన మనకు అందని చదువు కాదు. దాని మొదటి ప్రయోగశాల మీ ఊరి కొండే.

మన దేశం తొలి అంటార్కిటికా యాత్ర 1981లో బయలుదేరింది. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి అనే రెండు కేంద్రాలు నడుస్తున్నాయి. ఆర్కిటిక్‌లో 2008 నుంచి హిమాద్రి ఉంది. వీటి బాధ్యత గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్) చూస్తుంది.

శాస్త్రవేత్త కావాలనుకుంటే ఇంటర్‌లో సైన్స్ తీసుకుని, డిగ్రీలో జియాలజీ చదవండి. పీజీకి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గరే ఉంది. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఐఐటీల్లోనూ సీటు రావచ్చు. ఆ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరవచ్చు; ఆ సంస్థ భూగర్భ శాస్త్రవేత్తలు ఏళ్లుగా అంటార్కిటికాకు వెళ్తున్నారు. మైత్రిలో భూకంపాలను నమోదు చేసే పరికరాలను నడిపేది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ). భారతిలోని యాంటెన్నాలు ఉపగ్రహాల నుంచి అందుకున్న సమాచారం షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) చేరుతుంది. అంటే ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ చోటుంది.

మన కౌన్సెలింగ్‌లలో ఎవరూ చెప్పని దారి ఇంకొకటి ఉంది. మంచులో జనరేటర్ ఆగితే కేంద్రంలో వెచ్చదనం ఉండదు, నీళ్లూ ఉండవు. అందుకే డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, క్రేన్ ఆపరేటర్, వంటమనిషి లేకుండా ఏ యాత్రా సాగదు. ఈ పనులకు ఎన్‌సీపీఓఆర్ కాంట్రాక్టు పద్ధతిలో మనుషులను తీసుకుంటుంది. ఐటీఐ చదివి, భారీ వాహనాల మీద నాలుగేళ్లు చెయ్యి తిరిగిన కుర్రాడికి ఇది నిజమైన అవకాశం. శాశ్వత ఉద్యోగం కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రకటనలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వస్తాయి. అర్హతలు ఏటా మారవచ్చు కాబట్టి తాజా ప్రకటనే ప్రమాణం.

ఎంపికైనా వైద్య పరీక్షలు నెగ్గాలి, ఆపై ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచులో శిక్షణ ఉంటుంది. శరీరం తట్టుకుంటుందా అని బెంగపడేవారు మాలావత్ పూర్ణను తలచుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ గిరిజన యువతి 2019లో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం ఎక్కారు.

శీతాకాల బృందంలో చేరితే ఏడాదికి పైగా ఇంటికి రాలేరు. మైత్రిలో సుమారు రెండు నెలలు సూర్యుడే కనిపించడు. ఇంట్లో ఏం జరిగినా మధ్యలో బయలుదేరి రావడం దాదాపు అసాధ్యం. దరఖాస్తు పెట్టే ముందే అమ్మానాన్నలతో కూర్చుని ఈ సంగతి మాట్లాడండి.