పుట్టింటికి వెళ్లేటప్పుడు కార్డు మరిచిపోకండి

తొలికాన్పు పుట్టింట్లోనే కావాలన్నది మన కోనసీమలో చాలా ఇళ్లు ఇప్పటికీ పాటిస్తున్న ఆచారం. రాజోలులో కాపురముంటున్న అమ్మాయిని సీమంతం కాగానే కొత్తపేటకో ముమ్మిడివరానికో తీసుకొచ్చేస్తారు. చీరలు, గాజులు, పండ్లు, స్వీట్లు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుతారు. ఆశా కార్యకర్త ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు మాత్రం అత్తింటి బీరువాలో ఉండిపోతుంది. ఆ ఊరి అంగన్‌వాడీలో అమ్మాయి పేరు ఉంటుంది, మనిషి ఉండదు. ఈ ఊళ్లో మనిషి ఉంటుంది, పేరు ఉండదు. సరిగ్గా మంచి తిండి కావాల్సిన నెలల్లోనే ఆమెకు రావాల్సిన పాలు, గుడ్లు, పప్పు రాకుండా పోతాయి.

అందుకే కొత్తగా తల్లిదండ్రులు కాబోతున్నవారికి ముందుగా చెప్పేది ఇదే. నెల తప్పిందని తెలియగానే ఆశా దగ్గర పేరు రాయించండి. ఊరు మారేటప్పుడు రెండు ఊళ్ల అంగన్‌వాడీ టీచర్లకూ చెప్పండి. వాళ్ల ఫోన్‌లో ఉండే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. ఆధార్, ఆ కార్డు దగ్గరుంటే చాలు.

"ఆ సరుకులు మనం తెచ్చుకోవడమేంటండీ, నలుగురూ ఏమనుకుంటారు?" అనే అత్తగార్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అమ్మా, అది ఒకరు దయతలిచి పెట్టేది కాదు. గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల వరకూ బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా పోషకాహారం అందాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టమే చెప్పింది. కొబ్బరితోట ఉన్నవాళ్లకూ, ఆ తోటలో దింపు తీసేవాళ్లకూ అక్కడ ఒకటే లెక్క. బిడ్డకు ఆరు నెలలు నిండాక బాలామృతం ప్యాకెట్లు ఇస్తారు. అవి తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచకండి, బిడ్డ వాటా బిడ్డకే పెట్టండి.

కాన్పు ఖర్చు గురించి కూడా ముందే మాట్లాడుకోండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు ఉచితం, ఆపరేషన్ చేయాల్సి వచ్చినా ఉచితమే. మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ భోజనం కూడా అందులోనే వస్తాయి. బిడ్డకు ఏడాది నిండేలోపు జబ్బు చేస్తే ఆ వైద్యానికీ ఇదే వర్తిస్తుంది. వెళ్లడానికి 108, బిడ్డతో తిరిగి ఇంటికి రావడానికి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి లంకల్లో ఉండేవాళ్లు మాత్రం వాహనం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే పడవ తప్ప దారి ఉండదు. కాన్పు తేదీ ఆ రోజుల్లో పడుతుందంటే వరద కబురు వినకముందే గట్టుకు ఇవతల బంధువుల ఇంటికి చేరిపోండి.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయిన తల్లులకు ఎన్టీఆర్ బేబీ కిట్ మళ్లీ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. దోమతెర ఉన్న చిన్న పరుపు, బట్టలు, తువ్వాలు, సబ్బు లాంటివి అందులో ఉంటాయి. డిశ్చార్జి రోజున సిస్టర్‌ని మొహమాటపడకుండా అడగండి. ఇక జుబ్బాలు, గుడ్డ న్యాపీలు, ఉయ్యాల వంటివి అక్కచెల్లెళ్ల ఇళ్లలో అటకమీద ఉండే ఉంటాయి. వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలుబట్ట కొత్త సిల్కు గౌను కన్నా పసిబిడ్డ ఒంటికి హాయిగా ఉంటుంది.

ఉచితంగా వచ్చినా వద్దనాల్సింది ఒకటుంది. అది పాలడబ్బా. డబ్బాపాల కంపెనీలు తల్లులకు శాంపిళ్లు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. బిడ్డ డబ్బాకు అలవాటు పడితే రొమ్ము పట్టడం తగ్గుతుంది, పట్టడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. ఆ తరవాత డబ్బాలు కొనక తప్పదు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి. పాలు చాలడం లేదనిపిస్తే డాక్టరునో నర్సునో అడగండి, దుకాణానికి పరుగెత్తకండి.

ఇంటికి వచ్చాక మీకు దొరికే అతి పెద్ద సాయం ఆశా అక్క. ఆసుపత్రి కాన్పయితే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకూ ఆరుసార్లు ఆమె మీ గడప తొక్కాలి. వచ్చినప్పుడు ఏం చేస్తుందో గమనించండి. బిడ్డను గుడ్డ ఉయ్యాలలాంటి త్రాసులో వేలాడదీసి బరువు చూస్తుంది. చంకలో థర్మామీటరు పెడుతుంది. వాచీ చూసుకుంటూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెడుతుంది. అరవై, ఆపైన వస్తే, బిడ్డ పాలు తాగకపోతే, ఒళ్లు చల్లబడితే ఆసుపత్రికి పదమంటుంది. అప్పుడు "పురుడు కాకుండా గడప దాటకూడదు" అని ఆపకండి.

కాగితాల పని కూడా వాయిదా వేయొద్దు. జననాన్ని 21 రోజుల్లోపు రుసుము లేకుండా నమోదు చేయించవచ్చు. పేరు ఇంకా పెట్టలేదని ఆగనక్కర్లేదు, ఏడాదిలోపు పేరు చేర్పించుకోవచ్చు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హత ఉన్న తల్లికి తొలి బిడ్డకు రెండు విడతలుగా 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు వస్తాయి. డబ్బు తల్లి పేరున ఉన్న, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. తొలికాన్పు రెండో విడత అందాలంటే జనన నమోదు, మూడున్నర నెలల వరకూ వేయించాల్సిన టీకాలు పూర్తికావాలి.

ఇక ఏ కిట్‌లోనూ రానిది తల్లి మనసుకు కావాల్సిన ఆసరా. భర్త కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంటే రాత్రంతా బిడ్డతో మేలుకునేది ఆమె ఒక్కతే. కాన్పయ్యాక వారాలు గడిచినా దిగులు వదలకపోతే, బిడ్డను చూసినా సంతోషం కలగకపోతే దాన్ని పొగరనీ నాటకమనీ అనకండి. అది వైద్యంతో నయమయ్యే జబ్బు. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పైన చెప్పిన తిరుగుళ్లేవీ బాలింత మీద వేయకండి. అంగన్‌వాడీకి వెళ్లడం, జనన నమోదు, బ్యాంకు పని, టీకా తేదీ గుర్తుంచుకోవడం నాన్న చేయాల్సిన పనులు. నాన్న ఊళ్లో లేకపోతే తాతయ్యో మేనమామో చేయాలి. కార్డును ఫోన్‌లో ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన గర్భిణి ఉంటే ఈ ఊరి ఆశా అక్క ఎవరో ఆమెకూ చూపించండి.