కారు స్పేర్ పార్ట్స్ ఎక్కడ కొనాలి? ముందు పార్ట్ నంబర్ తెలుసుకోండి

ఫోన్‌కి ఛార్జర్ కొనేటప్పుడు ఎన్ని వాట్స్ అని చూస్తాం కదా. కారు దగ్గరికొచ్చేసరికి చాలామంది "స్విఫ్ట్ బ్రేక్ ప్యాడ్స్" అని సెర్చ్ చేసి, తక్కువ రేటున్నది ఆర్డర్ పెట్టేస్తారు. ఒకే మోడల్‌లోనూ తయారైన సంవత్సరం, వేరియంట్‌ని బట్టి పార్ట్ మారొచ్చు. అందుకే నేను ముందు ఆర్‌సీలో ఉండే 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబర్‌ని షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌లో చూపించి పార్ట్ నంబర్, ఎంఆర్‌పీ రాసుకుంటాను. షాపింగ్ ఆ తర్వాతే.

ఇక ఎక్కడ కొనాలన్నది పార్ట్‌ని బట్టి ఉంటుంది.

సేఫ్టీ పార్ట్స్: బ్రేక్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ పార్ట్స్ కంపెనీ కౌంటర్‌లో లేదా ఆథరైజ్డ్ డీలర్ దగ్గరే తీసుకోండి. నకిలీ బ్రేక్ ప్యాడ్ చూడ్డానికి ఒరిజినల్‌లాగే ఉంటుంది. తేడా తెలిసేది సడన్ బ్రేక్ వేసినప్పుడే!

రెగ్యులర్‌గా మార్చేవి: ఫిల్టర్లు, వైపర్లు, బల్బులు ఆన్‌లైన్‌లో కొనొచ్చు. బాష్ లాంటి సంస్థలు కార్ల కంపెనీలకే పార్ట్స్ సప్లై చేస్తాయి, సొంత ప్యాక్‌లోనూ అమ్ముతాయి. సెల్లర్ ఎవరు, రిటర్న్ ఎన్ని రోజులు అన్నది చూడండి.

బాడీ పార్ట్స్: మిర్రర్ కవర్, డోర్ హ్యాండిల్ లాంటివైతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌వి కూడా పర్లేదు. పాత పార్ట్ వెంట తీసుకెళ్లి, పక్కన పెట్టి పోల్చుకోండి.

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడగండి, దాని మీద పార్ట్ నంబర్ రాయించుకోండి. బిల్లు లేకుండా ఇంకో రెండొందలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు పార్ట్ పాడైతే వారంటీ అడగడానికి మన చేతిలో ఉండేది ఆ కాగితమే.