చూచినది వ్రాసికొనుట

రాజుల పట్టాభిషేకముల తేదీలను, మహాయుద్ధములు జరిగిన సంవత్సరములను మనము కంఠస్థము చేయుచుందుము. కాని మన వీధి చివరనున్న వేపచెట్టు ఈ యేడు ఏ దినమున పూత పట్టినదో చెప్పుమన్నచో మనలో ఎందరు చెప్పగలరు? నిన్నటి సాయంకాలము బడినుండి ఇంటికి వచ్చు దారిలో ఏయే పక్షులు కనబడినవో ఎందరికి జ్ఞాపకమున్నది? అనుదినము కన్నుల యెదుట నుండు వానిని వ్రాసికొనవలసిన పని లేదని మనము తలచుదుము. ఆ తలపు ఎంత పొరపాటో ఈ పాఠమువలన తెలిసికొందము.

ఇంగ్లండు దేశములో సెల్బోర్ను అను చిన్న గ్రామము కలదు. అచ్చట 1720వ సంవత్సరమున గిల్బర్టు వైటు అను నతడు జన్మించెను. ఆయన క్రైస్తవ మతాచార్యుడు. జీవితములో అధికభాగమును ఆ పల్లెలోనే గడపెను. దూరదేశములు చూడలేదు. పొలముల గట్లవెంట, అడవి బాటలవెంట నడచుట, తోటపని చేసికొనుట, కనబడినదానిని పుస్తకములో వ్రాసికొనుట, ఇవియే ఆయన వేడుకలు. 1751లో తన తోటపనులను గూర్చి వ్రాయ నారంభించెను. 1768 నుండి గాలి, వాన, ఎండ, చెట్లు, పక్షులు, పురుగులు మొదలగు వానిని గూర్చి ప్రతిదినము వ్రాయుచు, 1793లో మరణించుటకు కొలది దినముల ముందువరకు ఆ నియమమును విడువలేదు.

ఆయన యింట తిమోతి అను పేరుగల తాబేలు ఉండెను. అది చలికాలమున ఏనాడు మట్టిలో దూరినది, వసంతమున ఏనాడు వెలుపలికి వచ్చినది ఆయన వ్రాసి యుంచెను. దానిని తూకము వేయించి, ఆ బరువును గూడ వ్రాసెను. చూచుటకు ఒకే తీరుగానుండు మూడు చిన్న పిట్టలను వాని కూతలను బట్టి వేరువేరు జాతులని గుర్తించెను. ఇవన్నియు ఒక పల్లెటూరి పరిసరములలో, కాలినడకన పోయి, కన్నులతో చూచి, చెవులతో విని గ్రహించినవే. ఆయన తన పరిశీలనలను మిత్రులకు లేఖలుగా వ్రాయుచుండెను. ఆ లేఖలనుండి కూర్చిన గ్రంథము 1789 నాటిది. నేటికిని లోకమున దానిని చదువువారు కలరు.

1783వ సంవత్సరపు వేసవిలో ఒక వింత జరిగెను. జూన్ 23 నుండి జూలై 20 వరకు సెల్బోర్ను గ్రామముపై పొగవంటి మంచు ఆవరించెను. నడిమధ్యాహ్నమున గూడ సూర్యుడు కాంతిహీనుడై కనబడెను. ఎండ మాత్రము దుర్భరముగా నుండెను. ఈగలు గుర్రములను వేధించెను. పామరజనులు భయపడిరి. వైటునకు గూడ దీని కారణము నిశ్చయముగా తెలియదు. అయినను ఆయన తాను చూచినదానిని తేదీలతో సహా వ్రాసెను.

ఆ కారణము నేడు మనకు తెలియును. ఆ యేడు జూన్ 8వ తేదీన, సముద్రమున కావల దూరముననున్న ఐస్లాండు ద్వీపములో లాకి అనుచోట నేల బీటలువారి అగ్నిపర్వతము ప్రేలెను. అందుండి వెలువడిన గంధకపు వాయువులు గాలితో కొట్టుకొనివచ్చి ఐరోపాఖండమును కప్పివేసెను. ఐస్లాండులో పశువులు చచ్చి, కరవు వచ్చి, జనములో సుమారు అయిదవవంతు మరణించిరి. నేడు శాస్త్రజ్ఞులు ఆ ఉత్పాతమును గూర్చి విచారించునపుడు ఆనాటి వ్రాతలను వెదకుదురు. వాటిలో ఈ పల్లెటూరి మతాచార్యుని వ్రాత యొకటి. తాను వ్రాయుచున్నది ఎవరికి, ఎన్నడు ఉపయోగపడునో ఆయన ఎరుగడు. ఎరుగకయే వ్రాసెను. ఇదియే ఇందలి విశేషము.

మన తెలుగువారిలోను ఇట్టి లేఖకు డొకడు కలడు. ఆయన ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసెను. ఆయన 1830 మే 18వ తేదీన పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చెను. రైళ్లు లేని కాలమది. దారిలో తాను దిగిన మజిలీలను, బాటల మంచిచెడ్డలను, నీటి వసతిని, అంగళ్లలో దొరకు వస్తువులను ఆయన ఎప్పటికప్పుడు వ్రాసి, తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు తెలియజేయుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. ఆ మిత్రుడు ఆ వ్రాతలను 1838లో అచ్చొత్తించెను. ఆనాటి హైదరాబాదు, నాగపూరు, కాశీ, కలకత్తా మార్గములు ఎట్లుండెనో మనకు తెలియుచున్నదన్నచో అది ఆ దినచర్య చలువయే.

ఇక నా మాట చెప్పెదను. నేను ఉపాధ్యాయుడనుగా మొదట పనిచేసిన బడి ఒక చెరువుగట్టు ప్రక్కన ఉండెను. ప్రతి సాయంకాలము ఆ గట్టుపై నడచుట నాకు అలవాటు. చెరువు నిండి అలుగు పారుట చూచితిని. శీతకాలమున కొంగలు దిగుట చూచితిని. ఎన్నో యేండ్లు చూచితిని గాని ఒక్క అక్షరమైనను వ్రాసికొనలేదు.

ఉద్యోగము విరమించిన పిదప ఒకనాడు ఆ యూరికి పోయితిని. నాయొద్ద చదువుకొన్న రైతొకడు ఎదురువచ్చి, "మాష్టారూ, చెరువులో పూడిక తీయించుమని అర్జీ వ్రాయుచున్నాము. పూర్వము చెరువు ఏ నెలలో నిండెడిది? కడసారి అలుగు పారినది ఏ సంవత్సరము? మీరు దినదినము గట్టుమీద నడచినవారు. మీకు తెలియకుండునా?" అని అడిగెను. నేను ఆలోచించితిని. నాకు ఏ సంవత్సరమును నిశ్చయముగా తోచలేదు. ఊరి పెద్దలను అడిగిన, ఒకరు ఒక యేడనిరి, మరియొకరు మరియొక యేడనిరి. తుదకు ఆ అర్జీ తేదీలు లేకయే పోయెను. అతడు నన్నేమియు అనలేదు. కాని అన్ని సంవత్సరములు నడచిన నా నడక ఆ యూరికి ఒక్క వాక్యముపాటి సాయమైనను చేయలేకపోయెనని నేను మిక్కిలి సిగ్గుపడితిని. ఆ సాయంకాలమే ఒక నోటుపుస్తకము కొంటిని.

విద్యార్థులారా, ఈ పని మీరు నేడే ప్రారంభింపవచ్చును. ఇందుకు పాండిత్యము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, పావుగంట కాలము చాలును. మొదట తేదీయు, వేళయు, స్థలమును వ్రాయవలెను. తరువాత చూచినదానిని చూచినట్లు వ్రాయవలెను. "చాల కొంగలు" అని వ్రాయుటకంటె "పదునేడు కొంగలు" అని వ్రాయుట మేలు. తొలకరి వాన ఏనాడు పడినది, ఆరుద్రపురుగులు ఏనాడు కనబడినవి, మోదుగ ఏనాడు పూచినది, బావిలో నీరు ఎన్ని మెట్లు దిగినది, ఇవన్నియు వ్రాయదగినవే. బజారులో బియ్యపు ధర, అవ్వ పండుగనాడు చేసిన పిండివంట, మీరు ఆడిన ఆట, పెంచిన మొక్క, ఇవియు వ్రాయదగినవే. ఇతరుల ఇంటి గుట్టును, పరనిందను మాత్రము ఇందులో చేర్చరాదు.

చూచినది వేరు, విన్నది వేరు, ఊహించినది వేరు. ఈ మూటిని కలిపివేయరాదు. వానకోయిలలలో కొన్ని చలికాలమున దూరదేశములకు పోక సమీపముననే దాగియుండునేమో అని వైటునకు అనుమానము కలదు. వానికొరకు ఆయన వెదకించెను. ఒక్కటియు దొరకలేదు. దొరకలేదనియే వ్రాసెను. తన యూహకు అనుకూలముగా సత్యమును వంచలేదు. తప్పు వ్రాసినచో దానిని చెరిపివేయక, ఒక గీత గీసి, ప్రక్కన సరియైనదానిని వ్రాయుడు. తప్పు దిద్దుకొన్న గురుతుగూడ ఉండదగినదే.

నేడు నా పుస్తకములో కొన్ని వర్షకాలముల లెక్క మాత్రమే యున్నది. అది స్వల్పమే. మీ వయస్సు పదుమూడు. ఈ యేటి తొలకరినుండి మీరు ప్రారంభించినచో, నా వయస్సు వచ్చునప్పటికి మీ పుస్తకములలో ఏబది వర్షకాలములుండును. అప్పుడు ఎవరేని మీ యూరి చెరువును గూర్చి అడిగినచో, మీరు నావలె తల వంచుకొనవలసిన పనిలేదు. పుస్తకము తెరచి చూపవచ్చును.