పాత ఫైళ్లు తెరిచి చూసినంకనే కొత్త విండోస్

కరీంనగర్‌లో నేను ప్రెస్సు పని నేర్చుకున్ననాడు ముందర కంప్యూటర్ లేదు, సీసపు అక్షరాల కేసు ఉండేది. డీటీపీ వచ్చినంక ఆ సీసాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాం. దానితో అచ్చేసిన పుస్తకం మాత్రం ఎవరింట్లో దొరికినా ఈనాటికీ చదువుకోవచ్చు. ఆ తర్వాత కంప్యూటర్‌లో కంపోజ్ చేసిన పుస్తకాల ఫైళ్లకు ఆ భాగ్యం లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. "కాకా, విండోస్ పదకొండు ఎక్కిస్తే అను ఫాంట్లు నడుస్తయా? పేజ్‌మేకర్ నడుస్తదా?" అని డీటీపీ చేసే పిల్లలు అడుగుతున్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

1. ఇయ్యాల నడుస్తున్న ప్రోగ్రామ్ రేపు మళ్లీ ఎక్కుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో 7.0 వచ్చింది 2001లో, అదే ఆఖరిది. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు, ఉన్నది 64 బిట్ ఒక్కటే. అది 16 బిట్ ప్రోగ్రామ్‌లను అసలు నడపదు. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి ప్రోగ్రామ్ 32 బిట్‌దైనా సీడీలోని సెటప్ 16 బిట్‌ది. అక్కడే ఆగిపోతుంది. కొన్నిటికి ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ ఉండేది, ఆ పోర్టే ఇప్పటి కంప్యూటర్లకు లేదు. పాత లేజర్ ప్రింటర్‌కూ 64 బిట్ డ్రైవర్ దొరకాలి, లేకుంటే బటర్ పేపర్ మీద ప్రింటు తీయడమే ఆగుతుంది. కాబట్టి సీడీ, కీ, లాక్, డ్రైవర్ అన్నీ ముందేసుకుని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి చూడండి. పని చేసే కంప్యూటర్ మీద ప్రయోగం వద్దు.

2. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే మీ విండోస్ 32 బిట్‌దో 64 బిట్‌దో కనిపిస్తుంది. 32 బిట్‌దైతే దాని మీదనే 64 బిట్ ఎక్కదు, కొత్తగా వేయాల్సిందే. అప్పుడు ప్రోగ్రామ్‌లు, ఫాంట్లు అన్నీ పోతాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని కంప్యూటర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు.

3. ఫైలు ఉన్నంత మాత్రాన అక్షరం ఉన్నట్టు కాదు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. సిరిసిల్ల దిక్కు ఒక రిటైర్డ్ తెలుగు పంతులుగారి కవితల పుస్తకం మేమే వేశాం. పన్నెండేండ్లకు రెండో ముద్రణ కావాలని వచ్చారు. సీడీ భద్రంగానే దాచాను. కానీ అంతకు నెల ముందే కంప్యూటర్ ఫార్మాట్ చేయించి కొత్త విండోస్ వేయించుకున్నాను. పేజ్‌మేకర్ ఎట్లనో ఎక్కింది, ఆ పుస్తకానికి వాడిన ఫాంట్లు ఎక్కలేదు. ఫైలు తెరిస్తే తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. పక్కన కూర్చున్న పంతులుగారు "ఇవి నా కవితలేనా?" అని అడిగారు. ఆయన దగ్గర మిగిలిన ఒక్క ప్రతి తీసుకుని 112 పేజీలూ మళ్లీ టైపు చేశాను. అప్పటికి ఆయనకు చూపు మందగించింది. కోడలు ప్రూఫు చదివి వినిపిస్తుంటే తప్పులు నోటితో చెప్పారు.

కారణం ఏమిటంటే, అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఫైల్లో దాగేది ఆ ఇంగ్లిష్ అక్షరమే, దాన్ని తెలుగుగా చూపేది ఫాంటు. ప్రతి భాష అక్షరాలకూ సొంత స్థానమిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటూ ఉంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు గనుక ప్రెస్సుల్లో పాత దారి వదల్లేకపోయాం.

4. పాత సిస్టమ్ నడుస్తుండగానే ప్రతి పుస్తకాన్నీ రెండు రకాలుగా దాచండి. ఒకటి, ఫాంట్లు లోపలే కలిసిన పీడీఎఫ్. పేజీ రూపం చెడదు, రేపే అచ్చుకు పంపవచ్చు. కానీ అందులోంచి ఒక పద్యం కాపీ చేస్తే మళ్లీ ఆ ఇంగ్లిష్ గుర్తులే వస్తాయి. అందుకే రెండోది, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. కన్వర్టర్ మార్చింది కదా అని వదిలేయొద్దు. వత్తులు తారుమారవుతాయి, మనిషి కూర్చుని ప్రూఫు చూడాల్సిందే.

5. పాత కంప్యూటర్‌ను పాత సామానోళ్లకు వేయకండి. నెట్ తీగ తీసేసి, పాత ఫైళ్ల కోసమే ఒక మూలకు ఉంచండి. విండోస్ 10 మీదనే 11 ఎక్కించినవాళ్లకు వెనక్కి పోవడానికి 10 రోజులే గడువు. ఆ పది రోజుల్లో పాత పుస్తకం ఒకటి తెరిచి, ప్రింటు తీసి చూడండి.

పెండ్లి పత్రికల ఫైళ్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇంకెక్కడా ప్రతి లేని పుస్తకాలు తెరవండి. రాసినవాళ్లు బతికి ఉంటే ఫోన్ చేసి పిలిపించండి, యూనికోడ్ ప్రూఫు వాళ్ల చేతికే ఇవ్వండి.