హెచ్.ఐ.వి. రోగులలో మెదడు వాపు – ఔషధ చికిత్స

తరగతిలో హెచ్.ఐ.వి. పాఠం చెప్పునప్పుడు మేము సి.డి.4 కణాల నాశనం వద్దనే ఎక్కువ కాలం గడుపుతాము. రోగనిరోధక శక్తి ఏ విధంగా క్షీణించునో నల్లబల్లపై బొమ్మ గీసి చూపి పాఠం ముగిస్తాము. మెదడు ప్రస్తావన అందులో ఒక వాక్యానికి మించదు. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి మతి ఎందుకు తప్పుతుంది సార్?" అని ప్రశ్నించినప్పుడు మా వద్ద సంతృప్తికరమైన సమాధానం లేకపోయింది. అటు తరువాత చదివి తెలుసుకున్న విషయాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మెదడు వాపు అనగానే మన ప్రాంతంలో దోమకాటు వలన పిల్లలకు సోకే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గుర్తుకు వస్తుంది. మనము చెప్పుకోబోయేది అది కాదు. యునానీ వైద్యులు మెదడు, దాని పొరల వాపును 'సర్‌సామ్' అన్నారు. 'సర్' అనగా తల, 'సామ్' అనగా వాపు. ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ పదం సుపరిచితమే. హెచ్.ఐ.వి. రోగులలో ఇట్టి వాపు రెండు మార్గాల్లో కలుగుతుంది. వైరస్ స్వయంగా మెదడులో ప్రవేశించుట ఒకటి. రోగనిరోధక శక్తి నశించిన అదను చూచి ఇతర క్రిములు దాడి చేయుట రెండవది.

మొదటిదానిని గురించి కొంత చెప్పవలసియున్నది. రక్తంలోని మోనోసైట్ కణాలలో దాగి వైరస్ మెదడు చేరుతుంది. అక్కడి మైక్రోగ్లియా కణాలను ఆశ్రయిస్తుంది. ఆ కణాలు విడుదల చేసే పదార్థాల వలన నాడీకణాలు దెబ్బతింటాయి. మరుపు, మందకొడితనం, నడకలో తడబాటు దీని లక్షణాలు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన జిడోవుడిన్ దీనిపై కొంత పని చేసిన తొలి ఔషధం. విశేషమేమనగా, 1964లో దీనిని క్యాన్సర్ కోసం తయారు చేసి, పనికిరాదని ప్రక్కన పెట్టినారు! 1996 నుండి మూడు మందుల సమ్మేళన చికిత్స వచ్చిన పిదప తీవ్రమైన మతిభ్రంశం చాలావరకు తగ్గింది. స్వల్పమైన మరుపు మాత్రం మందులు సక్రమంగా వాడేవారిలో సైతం కొందరికి మిగిలి ఉంటున్నది. వాపును తగ్గించగలదన్న ఆశతో మినోసైక్లిన్ వంటి మందులను పరీక్షించినారు గాని ప్రయోజనం కనిపించలేదు. కనుక వైరస్‌ను అణచివేసే మందులే నేటికీ అసలు చికిత్స. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుండి వీటిని ఉచితంగా ఇస్తున్నది.

ఇక ఇతర క్రిముల సంగతి. టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవి పిల్లి మలం ద్వారా, సరిగా ఉడకని మాంసం ద్వారా మనలో ప్రవేశించి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. సి.డి.4 కణాలు ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో 100కు తగ్గినప్పుడు మేల్కొని మెదడులో గడ్డలు కట్టిస్తుంది. జ్వరం, మూర్ఛ, ఒక ప్రక్క కాలుసేతులు పడిపోవుట సంభవిస్తాయి. దీనికి పైరిమెథమిన్, సల్ఫాడయజిన్ కలిపి కనీసం ఆరు వారాలు ఇస్తారు. ఇవి రెండూ పరాన్నజీవి ఫోలేట్ తయారు చేసుకునే మార్గాన్ని రెండు వేర్వేరు మెట్ల వద్ద అడ్డగిస్తాయి. ఒకే దారికి రెండు చోట్ల తలుపులు వేసినట్లు. అయితే పైరిమెథమిన్ మన ఎముక మజ్జను కూడా బాధిస్తుంది. అందుచేత ఫోలినిక్ ఆమ్లాన్ని జతచేస్తారు. దానిని మానవ కణాలు గ్రహించగలవు, పరాన్నజీవి గ్రహించలేదు. మామూలు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినచో మందు శక్తి తగ్గే ప్రమాదం కలదు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పైరిమెథమిన్ దొరకని చోట కోట్రైమాక్సజోల్ వాడుతారు. అది చౌక, ఫలితమూ బాగున్నది. రెండు వారాలలో గుణం కనిపించనిచో వైద్యులు వేరే కారణం కోసం వెదకవలసియుంటుంది.

అన్నిటికంటె ఎక్కువగా మమ్ములను ఆలోచింపజేసినది క్రిప్టోకోకస్ అనే శిలీంధ్రం. పావురాల రెట్టలో, మట్టిలో ఉండే ఈ శిలీంధ్రం ఊపిరితో లోపలికి పోయి మెదడు పొరలకు వాపు కలిగిస్తుంది. మాకు పరిచయమున్న ఒక కుటుంబంలో ఇంటి పెద్దకు మూడు వారాల పాటు తలనొప్పి. అంగడిలో బిళ్లలు కొని మ్రింగినాడు. చూపు మసకబారిన పిదప ఆసుపత్రికి తీసుకొనిపోగా, వెన్నులో సూది గుచ్చి నీరు తీయవలెనన్నారు. "వెన్ను నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి" అని బంధువులు ఒప్పుకోలేదు. నాలుగు రోజులు గడిచిపోయినవి. ఒప్పుకొనునప్పటికి ఆయనకు స్పృహ లేదు. ప్రాణం దక్కలేదు. ఆ భయం మన పల్లెల్లోనే గాక పట్టణాల్లోనూ, చదువుకున్నవారిలోనూ ఉన్నది. నిజానికి ఆ నీరు నడుము క్రింది భాగంలో, వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన తీస్తారు. ఈ వ్యాధిలో అది పరీక్ష మాత్రమే కాదు, చికిత్స కూడా. తలలో పెరిగిన ఒత్తిడి తగ్గి నొప్పి ఉపశమిస్తుంది, చూపు నిలుస్తుంది. అవసరమైతే రోజూ తీయవలసి వస్తుంది.

మందులలో ముఖ్యమైనది ఆంఫోటెరిసిన్-బి. 1950 దశకంలో వెనిజులా దేశపు ఒరినోకో నదీ ప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి దీనిని గ్రహించినారు. శిలీంధ్ర కణత్వచంలోని ఎర్గోస్టెరాల్‌ను ఇది పట్టుకొని త్వచాన్ని చెడగొడుతుంది. మూత్రపిండాలకు హాని చేయుట దీని దోషం. దీనిని సూక్ష్మమైన కొవ్వు గోళాలలో ఇమిడ్చి లైపోసోమల్ రూపంలో ఇచ్చినచో ఆ హాని తగ్గుతుంది. ఆఫ్రికాలోని ఐదు దేశాలలో 800 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడినవి. శరీర బరువులో కిలోకు 10 మి.గ్రా. చొప్పున ఒక్కమారే లైపోసోమల్ మందు ఎక్కించి, రెండు వారాలు ఫ్లూసైటోసిన్, ఫ్లూకొనజోల్ బిళ్లలిచ్చినారు. వారం దినాలు సాధారణ ఆంఫోటెరిసిన్ ఎక్కించిన పద్ధతికి ఇది ఏమాత్రం తీసిపోలేదు. పది వారాల మరణాలు కొత్త పద్ధతిలో 24.8 శాతం, పాత పద్ధతిలో 28.7 శాతం. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసింది. ఇంత చేసినా నలుగురిలో ఒకరు మరణిస్తున్నారన్న సంగతిని పాఠకులు గమనించగలరు.

వాపు అనగానే స్టెరాయిడ్ ఇవ్వవచ్చునని తోచుట సహజం. మేమూ అట్లే భావించినాము. కాని డెక్సామెథసోన్ ఇచ్చి చూచిన పరీక్షలో, 2016 నాటి ఫలితాల ప్రకారం, శిలీంధ్రం నెమ్మదిగా నశించి రోగులకు వైకల్యం పెరిగినందున పరీక్షను మధ్యలోనే నిలిపివేసినారు. హెచ్.ఐ.వి. మందులను తక్షణమే ప్రారంభించుట మంచిదన్న ఊహ కూడా ఇక్కడ తలక్రిందులైనది. 2014లో ప్రచురితమైన పరీక్షలో, ఒకటి రెండు వారాలలో ప్రారంభించినవారిలో ఆరు నెలలకు 45 శాతం మరణించగా, ఐదు వారాలు ఆగినవారిలో 30 శాతం మరణించినారు. కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విజృంభించి వాపును పెంచుట ఇందుకు కారణం కావచ్చును. అందువలన నాలుగు నుండి ఆరు వారాలు ఆగుతారు.

ఈ శిలీంధ్రపు ఆనవాళ్లు తలనొప్పి మొదలగుటకు కొన్ని వారాల ముందే రక్తంలో కనిపిస్తాయి. సి.డి.4 సంఖ్య 100కు తగ్గిన ప్రతివారికీ, తలనొప్పి లేకపోయినా, చిన్న పట్టీపై చేసే ఈ పరీక్ష జరపవలెనని నియమం. వేలి కొనన ఒక రక్తపు బొట్టు చాలును, పది నిమిషాలలో ఫలితం తెలుస్తుంది. ఆనవాలు కనిపించినవారికి వెన్ను నీరు కూడా పరీక్షిస్తారు. మెదడుకు ఇంకా సోకలేదని తేలినచో ఫ్లూకొనజోల్ బిళ్లలతోనే వ్యాధిని ఆపవచ్చును.