కరువు సీమకు వచ్చిన ఫాదర్



అనంతపురం పల్లెల్లో "ఫాదర్" అంటే ఎవరో చాలామందికి తెలుసు. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. ఆయన పుట్టింది వేరే దేశంలో. ఆయన భాష వేరు. అయినా 40 ఏళ్లు మన మధ్యనే బతికారు. మన మట్టిలోనే కలిసిపోయారు. ఆయన కథ చదువుదాం.

యుద్ధం చూసిన కుర్రవాడు

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న పుట్టారు. ఊరు బార్సిలోనా. దేశం స్పెయిన్. 1936లో ఆ దేశంలో యుద్ధం వచ్చింది. ఒకే దేశం మనుషులు రెండు పక్షాలై చంపుకున్నారు. ఫెర్రర్‌ను కూడా సైన్యంలోకి తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు కూడా నిండలేదు.

1939లో ఆయన పక్షం ఓడిపోయింది. లక్షల మంది ప్రాణాలు అరచేత పట్టుకుని పక్క దేశం ఫ్రాన్స్‌కు పోయారు. ఇట్లా ఇల్లూ వాకిలీ విడిచి పరాయి చోట తలదాచుకునే వాళ్లను శరణార్థులు అంటారు. ఫెర్రర్ కూడా వాళ్లలో ఒకరు. సముద్రం ఒడ్డున ఇసుకలో, ముళ్లకంచె లోపల వాళ్లను ఉంచారు. పైన కప్పు లేదు. చలి, ఆకలి.

1944లో ఆయన క్రైస్తవ సన్యాసుల సంఘంలో చేరారు. 1952లో మన దేశానికి వచ్చారు.

బావి తవ్వితే గోధుమలు

మహారాష్ట్రలో మన్మాడ్ అనే ఊరుంది. అక్కడ కూడా కరువే. రైతుకు భూమి ఉంది. నీళ్లు లేవు. బావి తవ్వుకుందామంటే ఒక చిక్కు. బావి తవ్వుతూ కూర్చుంటే కూలికి ఎవరు పోతారు? పిల్లలకు తిండి ఎట్లా?

ఫెర్రర్ దీనికి ఒక ఉపాయం చేశారు. "నీ పొలంలో నువ్వే బావి తవ్వుకో. తవ్వినన్నాళ్లు గోధుమలు, నూనె మేమిస్తాం" అన్నారు. రైతులు ముందుకొచ్చారు. బావులు పడ్డాయి. నీళ్లొచ్చాయి.

ఊరికే పెట్టిన తిండి ఒక పూటకు సరి. తవ్వుకున్న బావి చాలా ఏళ్లు నిలుస్తుంది. ఇదే ఆయన పద్ధతి.

పేదలు ఆయన వెంట నడవడం కొందరు పెద్దలకు కంటగింపు అయింది. 1968లో ఆయన్ను దేశం విడిచి పొమ్మన్నారు. రైతులు ఊరుకోలేదు. దాదాపు 30 వేల మంది మన్మాడ్ నుంచి బొంబాయి దాకా నడిచారు. అది 250 కిలోమీటర్ల దారి. అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఆయన తిరిగి రావడానికి ఒప్పుకున్నారు.

అనంతపురం ఎందుకు?

1969లో ఆయన తిరిగి వచ్చారు. మన అనంతపురానికే వచ్చారు. దేశంలో చాలా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ సరిగా పడదు. ఎందుకు? పడమటి నుంచి వచ్చే మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు సముద్రం నుంచి వచ్చే మేఘాలు ఇక్కడికి చేరేలోపే వట్టిపోతాయి. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటమే మన బతుకు.

1970లో ఆయన సన్యాసం విడిచారు. అన్నే అనే ఇంగ్లండు అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఆమె బొంబాయిలో పత్రికా విలేకరిగా పనిచేసేది. ఇద్దరూ కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నడిపారు. మనం ఆర్.డి.టి. అంటాం. దళితులు, సుగాలీలు, వెనకబడిన కులాల వాళ్లు ఉండే వాడల్లోనే ముందు పని మొదలైంది.

ఏమేం పనులు జరిగాయి?

వాన నీళ్లు పారిపోకుండా వంకలకు అడ్డంగా కట్టలు వేశారు. చెట్లు నాటించారు. సాయంత్రం బడులు పెట్టారు. పల్లె ఆడవాళ్లకే ఆరోగ్యం పని నేర్పించారు. 2000లో బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి వచ్చింది. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

డబ్బు ఎక్కడిది? స్పెయిన్‌లో లక్ష మందికి పైగా మామూలు జనం నెలనెలా కొంచెం కొంచెం పంపారు. చుక్క చుక్క చేరితేనే చెరువు.

ఇల్లు ఎవరి పేరున?

ఆర్.డి.టి. ఇళ్లు కట్టించింది. ఆ ఇంటిని ఆడమనిషి పేరున రాయించింది. ఇది చిన్న సంగతి కాదు. ఇల్లు ఊడ్చేది ఆమె, అలికేది ఆమె. కానీ మొగుడు "నా ఇంట్లోంచి పో" అంటే పోవాల్సిందీ ఆమే. కాగితం మీద ఆమె పేరు ఉంటే ఆ మాట అనడానికి వెనకాడతాడు.

అయితే ఒక మాట. కాగితం మీద ఎవరి పేరుందో చదవడం మనకు రావాలి. చదవకుండా వేలిముద్ర వేస్తే ఉన్న ఇల్లు కూడా పోవచ్చు. అందుకే ఈ చదువు.

మనలో కలిసిపోయారు

2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురంలో కన్నుమూశారు. 89 ఏళ్లు బతికారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. పల్లెల నుంచి వేల మంది వచ్చి సాగనంపారు.

కరువు ఇంకా పోలేదు. వాన పడని ఏడు ఇప్పుడూ వస్తుంది. వాన మన చేతిలో లేదు. కానీ పడిన వానను నిలుపుకోవడం మన చేతిలో ఉంది. సంఘంగా కూర్చోవడం మన చేతిలో ఉంది.

కొత్త మాటలు

శరణార్థి: ఇల్లు విడిచి పరాయి చోట తలదాచుకునే మనిషి
ఉపాయం: పని జరిగే దారి
కంటగింపు: చూసి ఓర్వలేకపోవడం

మాట్లాడుకుందాం

1. రైతులకు తిండి ఊరికే ఇవ్వకుండా బావి తవ్వితే ఎందుకు ఇచ్చారు?
2. మీ ఊళ్లో వాన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఎక్కడ ఆపవచ్చు?
3. మీ ఇంటి కాగితం తీయండి. అందులో ఎవరి పేరుందో కూడబలుక్కుని చదవండి.