పట్టా మీది పేరు

చి. మాధవికి,

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీ ముందు పెట్టాలని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

కాలేజీ పేరుకి విలువ లేదని నీకు అబద్ధం చెప్పను. క్యాంపస్ సెలక్షన్లకి కంపెనీలు అన్ని కాలేజీలకీ రావు. మొదటి ఉద్యోగం దాకా పేరు బాగానే పనికొస్తుంది. తర్వాత అడిగేవాళ్లు తగ్గిపోతారు. మా ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూలకి కూర్చున్నప్పుడు "మోటారు వేడెక్కి ట్రిప్ అవుతోంది, ముందు ఏం చూస్తావు?" అని అడిగేవాణ్ని. పెద్ద కాలేజీ కుర్రాడొకడు పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాడు. నేను పేరైనా వినని కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి మాత్రం "లోడు ఎంతుందండీ? మూడు ఫేజులూ వస్తున్నాయాండీ?" అని నన్నే అడిగాడు. ఉద్యోగం అతనికే ఇచ్చాం.

పట్టా చూసి మనిషిని అంచనా వెయ్యకూడదనుకున్నప్పుడల్లా నాకు భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. ఆయనకి మద్రాసులో ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారు. ఆయన ఖద్దరు కట్టడం ఒక ప్రొఫెసరుకి నచ్చలేదట. తర్వాత హార్వర్డులో అంత పని చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లాకే ఫోలిక్ యాసిడ్ మీద ఆయన పని ఫలించింది. అంతటివారిని చూపించి అందరికీ అలాగే జరుగుతుందనకూడదు, నిజమే.

"ఎక్కడ చదివినా జేఎన్‌టీయూ పట్టాయేగా" అంటున్నాడట మీ నాన్న. వాడు పొరబడుతున్నది అక్కడే. కాకినాడ క్యాంపస్‌లో చదివినా, ఏ ఊరి చివరనో ఉన్న అనుబంధ కాలేజీలో చదివినా పట్టా మీద విశ్వవిద్యాలయం పేరు ఒకటే. కానీ పాఠం చెప్పే మనిషి వేరు, ల్యాబు వేరు. ఎన్‌బీఏ గుర్తింపు కూడా కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. నీ బ్రాంచికి ఉందో లేదో చూడు. ల్యాబులో మీటర్ల మీద దుమ్ముందేమో చూడు. మూడో ఏడాది పిల్లల్ని పట్టుకుని, ఈ నెలలో ఎన్ని ప్రయోగాలు వాళ్ల చేత్తో చేశారో అడుగు.

ఇంకొక్క మాట. కాలవ గట్టు చేను అమ్మి మేనేజ్‌మెంట్ సీటు కొందామని మీ నాన్న అనుకుంటున్నాడని విన్నాను. అంత విలువ చేసే పేరు ఏ కాలేజీకీ లేదు తల్లీ. వాడితో నేను మాట్లాడతాను, నువ్వు నోరెత్తకు.

సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చెయ్. క్లాసులు జరుగుతుండగానే నువ్వు అనుకుంటున్న రెండు కాలేజీలూ చూసొద్దాం.

మీ పెదనాన్న